చుక్క మెడలో పదకొండు మైక్రో ఆంపులు

జూన్ 7

తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ రెండు గేదెల్ని మేపుతోంది. ఒకదాన్ని పెద్దది అంటాం. రెండోదాని నుదుట తెల్ల మచ్చ ఉంటుంది, అందుకని అది చుక్క. చుక్క ఈని ఆరు నెలలు దాటింది, ఇంకా చూడి కట్టలేదు. గేదెల్లో మూగ ఎద మామూలే, ఎండాకాలంలో మరీను. అరవదు, గొడవ చేయదు, రాత్రి ఎప్పుడో వచ్చి తెల్లారేసరికి సద్దుమణుగుతుంది. ఒకసారి కనిపెట్టలేకపోతే మళ్ళీ మూడు వారాలు ఎదురుచూడాలి. నిన్న అమ్మ ఫోన్లో, "ఏళ్ళ తరబడి కంప్యూటర్లు కంప్యూటర్లంటావు, ఇది ఎప్పుడు ఎదకొస్తుందో చెప్పేది ఒక్కటి చేయలేవూ?" అంది. వెటకారంగానే అంది గానీ నాకు గుచ్చుకుంది.

ఎదకొచ్చిన గేదె కుదురుగా ఉండదు, నెమరు తగ్గిస్తుంది. మెడకు కదలికను కొలిచే యాక్సెలరోమీటర్ ఒకటి కడితే ఈ రెండూ దొరుకుతాయి. పెద్ద డెయిరీల్లో ఇలాంటి మెడపట్టీలు ఎప్పట్నుంచో ఉన్నాయి, కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. నన్ను పట్టుకున్నది వేరే లెక్క. రాత్రింబవళ్ళు గమనిస్తూ ఉండాలి, కానీ గేదెను రోజూ చార్జింగుకు పెట్టలేం. ఒక ఈత నుంచి ఇంకో ఈత దాకా, అంటే సుమారు 15 నెలలు, బ్యాటరీ మార్చే పని పడకూడదని షరతు పెట్టుకున్నా. 15 నెలలంటే దాదాపు 10,950 గంటలు. రెండు ట్రిపుల్-ఏ ఆల్కలైన్ సెల్స్ వరసలో వేసి 1000 మిల్లీ ఆంప్ అవర్స్ అనుకుంటే సగటున 91 మైక్రో ఆంపులు దాటకూడదు. బడ్జెట్ అదీ.

జూన్ 22

ముందు చేతిలో ఉన్నవి కట్టేశా. ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు, కదలిక కొలిచే ఎంపీయూ6050 సెన్సర్, 2600 మిల్లీ ఆంప్ అవర్స్ సామర్థ్యం ఉన్న ఒక 18650 చార్జింగ్ సెల్. సెకనుకు 50 రీడింగులు, అన్నీ వైఫైలో ఇంట్లోకి. నిన్న సాయంత్రం పాలు తీశాక కట్టాను, ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకి ప్రాణం పోయింది. సగటున 125 మిల్లీ ఆంపుల చిల్లర తాగింది. బడ్జెట్ కంటే పదమూడు వందల రెట్లకు పైనే.

అయినా బోలెడు పచ్చి డేటా దొరికింది. మంచం వేసుకుని నాలుగు గంటలు చుక్క ఎదురుగా కూర్చుని వీడియో తీశా. ఎప్పుడు తింటోంది, ఎప్పుడు నెమరేస్తోంది, ఎప్పుడు ఊరికే నిలబడింది అని వీడియో చూస్తూ గుర్తులు పెట్టాలి. దారిన పోయేవాళ్ళు "ఏంట్రా, గేదెకి ఫోటో సెషనా" అన్నారు. నవ్వేసి ఊరుకున్నా.

జూలై 6

సెకనుకు 50 రీడింగులు, అంటే 50 హెర్ట్జ్, ఎందుకు పెట్టానో ఇవాళ నన్ను నేనే అడిగా. నిజమైన జవాబు: మనుషుల మీద చేసినవాళ్ళు అదే పెట్టారు కాబట్టి. ఈ రంగంలో అందరూ మొదట ముట్టుకునే యూసీఐ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఇర్వైన్) డేటాసెట్‌లో 30 మంది నడుముకు గెలాక్సీ ఎస్2 ఫోన్ కట్టి, 50 హెర్ట్జ్ మీద, 2.56 సెకన్ల ముక్కలుగా రికార్డు చేశారు. నేను కళ్ళు మూసుకుని కాపీ కొట్టా. వాళ్ళకు మెట్లెక్కడానికీ నడవడానికీ తేడా కావాలి. నాకు కావాల్సింది గేదె దవడ, అది సెకనుకు ఒక్కసారి చొప్పున ఆడుతుంది.

ఉన్న డేటాను ల్యాప్‌టాప్‌లో 25కి, తర్వాత 12.5 హెర్ట్జ్‌కి కుదించి చూశా. నెమరు లెక్కలో తేడా రాలేదు. 12.5 మీద 6 హెర్ట్జ్ దాకా ఉన్న కదలికలు కనిపిస్తాయి, దవడకు అది చాలా ఎక్కువ. నాలుగో వంతు డేటాతో పని జరిగిపోతోంది.

తేడా వచ్చింది ఇంకో చోట. గాడిలో వరిగడ్డి నమలడమూ, నిలబడి నెమరు వేయడమూ నా ప్రోగ్రాముకు ఒకేలా కనిపిస్తున్నాయి. పచ్చిక మేస్తే తల కిందికి వంగుతుంది, గురుత్వాకర్షణ ఏ అక్షం మీద పడుతోందో చూస్తే దొరికిపోతుంది. గాడి ఎత్తుగా ఉంది, మెడ నిటారుగానే ఉంటుంది. రెండు గంటలు గ్రాఫులతో కుస్తీ పట్టా. అమ్మ కుడితి కలుపుతూ వచ్చి చూసి అడిగింది, "ఏంట్రా అది?" చెప్పా. "నెమరేసేటప్పుడు ముద్ద మింగి కాసేపు ఆగుద్ది, మళ్ళీ ఇంకో ముద్ద పైకొస్తే మొదలెడుద్ది. గడ్డి తినేటప్పుడు అలా ఆగదు కదరా."

అంతే. ఇంచుమించు నిమిషానికోసారి నాలుగైదు సెకన్ల ఖాళీ. గ్రాఫులో అది కళ్ళ ముందే ఉంది. నేను ముక్కలు 2.56 సెకన్లుగా కోశాను కాబట్టి ఏ ముక్కలోనూ పూర్తిగా పట్టలేదు. ఇకనుంచి పది సెకన్ల ముక్కలు, ఏడెనిమిది ముక్కలు కలిపి ఒక తీర్పు.

జూలై 20

ఈ వారం పని తక్కువ, చదువు ఎక్కువ. 2009లో నోకియా ఎన్95 ఫోన్ మీద చేసిన ఒక పని నాకు బాగా పనికొచ్చింది. అన్ని సెన్సర్లూ ఎప్పుడూ తెరిచి ఉంచక్కర్లేదు. మనిషి ఇప్పుడున్న స్థితి మారిందేమో పసిగట్టడానికి సరిపడేంత చిన్న సెన్సర్ ఒక్కటి నడుస్తూ ఉండాలి, అది అనుమానిస్తేనే ఖరీదైనదాన్ని లేపాలి అన్నారు. 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో సుమన్ నాథ్ ఇంకో అడుగు వేశాడు. ఒక సంగతి తెలిస్తే ఇంకోటి కొలవకుండానే తెలిసిపోతుంది: బండి నడుపుతున్నాడని తెలిస్తే ఇంట్లో లేడని తేలిపోయినట్టే, దానికోసం మళ్ళీ జీపీఎస్ వేయడం దండగ. చుక్క విషయంలో ఇలాంటి జంటలు ఏమున్నాయో చూడాలి.

ఆగస్టు 3

కొత్త బోర్డు. ప్రాసెసర్ ఎన్‌ఆర్‌ఎఫ్52832, బ్లూటూత్ లో ఎనర్జీ అందులోనే ఉంది. సెన్సర్ ఏడీఎక్స్‌ఎల్362, 100 హెర్ట్జ్ మీద కూడా 1.8 మైక్రో ఆంపులే తాగుతుంది, నాకు కావాల్సింది దానికంటే తక్కువ వేగం. రెండూ ట్రిపుల్-ఏ జంట మీద నేరుగా నడుస్తాయి, మధ్యలో రెగ్యులేటర్ అక్కర్లేదు. కాగితం మీద నిద్రలో ఐదారు మైక్రో ఆంపులు రావాలి.

మల్టీమీటర్ వరసలో పెట్టి కొలవబోతే బోర్డు రీసెట్ అయిపోతోంది. మైక్రో ఆంప్ రేంజిలో మీటరు లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, రేడియో ఒక్క క్షణం గుటక వేయగానే వోల్టేజి పడిపోతోంది. తెలిసినతన్ని బతిమాలి కరెంటు వాడకాన్ని క్షణక్షణం గీసి చూపే నార్డిక్ వాళ్ళ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 అరువు తెచ్చా. అందులో మొదటి రీడింగ్: 640 మైక్రో ఆంపులు.

ఆ తర్వాతి రెండు రాత్రులు సెన్సింగ్ సంగతే ఎత్తలేదు. ఎక్కడ కారుతోందో వెతకడమే సరిపోయింది. పాత ఇంట్లో కుళాయిల పనిలాంటిదే ఇది, ఒకటి బిగిస్తే ఇంకోటి చప్పుడు వినిపిస్తుంది.

మొదటి దొంగ, లాగ్ సందేశాల కోసం తెరిచి ఉంచిన సీరియల్ పోర్టు. దాని రిసీవ్ వైపు తెరిచి ఉన్నంతసేపూ చిప్ పెద్ద క్లాకును ఆపదు. పోర్టు మూసేస్తే అయిదు వందలకు పైగా దిగిపోయింది. రెండోది నవ్వొచ్చేది. ప్రోగ్రాం ఎక్కించిన వైరుతోనే కొలుస్తున్నా. డీబగ్ మోడ్‌లోకి వెళ్ళిన చిప్, కరెంటు తీసి మళ్ళీ పెట్టేదాకా గాఢనిద్రకు పోదు. వైరు పీకి, సెల్స్ తీసి పెట్టాక ఇంకో భాగం పోయింది. అప్పటికి 20 దగ్గర ఆగింది.

మూడోది నా అలవాటు. బ్యాటరీ ఎంత మిగిలిందో చూడ్డానికి రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లతో, వోల్టేజిని సగం చేసే డివైడర్ వేశా, ఎప్పుడూ వేసేదే కదా అని. మూడు వోల్టుల మీద అది రాత్రీ పగలూ 15 మైక్రో ఆంపులు కారుస్తుంది. సెన్సరూ నిద్రలో ఉన్న ప్రాసెసరూ కలిపి తాగేదానికి మూడు రెట్లు, ఏ పనీ చేయకుండా! పైగా అది అవసరమే లేదు, ఈ చిప్ తన సప్లై వోల్టేజిని లోపలే కొలుచుకోగలదు. రెండు రెసిస్టర్లూ ఊడబెరికా. 4.6 మైక్రో ఆంపులు. అప్పుడు అన్నం తిన్నా.

ఆగస్టు 17

వాన పడింది, ఈగలు లేచాయి. నా తెలివంతా ఈగల పాలైంది.

ఏడీఎక్స్‌ఎల్362లో కదిలితేనే లేచే మోడ్ ఒకటుంది, 270 నానో ఆంపులు. డేటాషీట్‌లో ఆ అంకె చూసి మురిసిపోయి దాని చుట్టూనే ప్రోగ్రాం రాశా. గేదె కదిలితే ప్రాసెసర్ లేస్తుంది, చూస్తుంది, పడుకుంటుంది. బల్ల మీద అద్భుతం. చుక్క మెడలో కట్టాక గంటకు వందల సార్లు లేచింది. జోరీగ వాలితే తల విసురుతుంది, చెవులాడిస్తుంది, తోకతో కొట్టుకుంటే ఆ ఊపు మెడదాకా వస్తుంది. పోనీ లేచే హద్దు పెంచుదామంటే పడుకుని నెమరేసేటప్పటి చిన్న కదలిక దాని కిందకు పోతుంది. నాకు కావాల్సిందే అది.

బల్ల మీద గంటల తరబడి పడి ఉండే ఫోనుకు ఈ మోడ్ బాగుంటుంది. ఊరకే ఉండటమనేదే లేని జీవికి దీనివల్ల లాభం లేదు. రెండు వారాల కోడ్ తీసేశా. కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.

ఆగస్టు 31

ఇప్పుడు దారి మార్చా. లేపడం మానేసి కూడబెట్టడం. సెన్సర్ లోపలే 512 రీడింగులు పట్టే వరస ఉంది. మూడు అక్షాలకు పంచితే 170 సెట్లు, 12.5 హెర్ట్జ్ మీద 13 సెకన్ల చిల్లర. పది సెకన్లకు 125 సెట్లు చేరగానే ప్రాసెసర్ని లేపమని గీత పెట్టా. అది లేచి, మొత్తం ఒక్క గుక్కలో తీసుకుని, లెక్క చేసి, మళ్ళీ పడుకుంటుంది. ఈగ వాలినా, ఉరుము ఉరిమినా పది సెకన్లకు ఒక్కసారే. ఇది నా సొంత తెలివి కాదు. 2013లో ఆండ్రాయిడ్ 4.4తో, నెక్సస్ 5తో ఫోన్లలోకి వచ్చిన సెన్సర్ బ్యాచింగ్ ఇదే. అడుగులు లెక్కపెడుతున్న ఫోన్ జేబులో హాయిగా నిద్రపోగలగడం వెనక ఉన్నది ఈ కూడబెట్టడమే.

మొదటి రోజు గ్రాఫులో చుక్క తలకిందులుగా నిలబడింది. వరసను మధ్యలో చదవడం మొదలుపెడితే ఎక్స్ స్థానంలో వై వచ్చి కూర్చుంటోంది. ప్రతి రీడింగ్ పైనున్న రెండు బిట్లు అది ఏ అక్షమో చెబుతాయి, నేనే చూడలేదు.

తర్వాత లెక్కల బరువు. ముందు రాసిన వర్గీకరణలో అలను పౌనఃపున్యాలుగా విడదీసే ఫోరియర్ పరివర్తన, పదుల కొద్దీ లక్షణాలు, అన్నీ దశాంశ సంఖ్యల్లో. అది తీసి, ముందు ఒక చవక పరీక్ష పెట్టా: ఈ పది సెకన్లలో ఊపు ఎంత? మరీ తక్కువైతే విశ్రాంతి, మరీ ఎక్కువైతే తిరుగుడు, అక్కడితో సరి. మధ్యలో ఉంటేనే ఆటోకోరిలేషన్ (అలను కాస్త జరిపి దానితోనే పోల్చి చూడటం), అదీ సెకను చుట్టుపక్కల పదకొండు జరుపుళ్ళకే, పూర్ణాంకాల్లో. పధ్నాలుగు వందల గుణకారాలు కూడా లేవు, 64 మెగాహెర్ట్జ్ చిప్‌కి మిల్లీసెకను పని.

కానీ ప్రొఫైలర్ మీద చూస్తే లేచి ఉన్న సమయం పెద్దగా తగ్గలేదు! సెన్సర్ నుంచి 750 బైట్లు తెచ్చుకోవడానికే ఆరు మిల్లీసెకన్లు పడుతోంది, ఎస్‌పీఐ (సెన్సరుకూ ప్రాసెసరుకూ మధ్య డేటా నడిచే దారి) వేగం 1 మెగాహెర్ట్జ్‌లో వదిలేశా కాబట్టి. 8కి పెంచితే మిల్లీసెకను లోపు. చిప్ ఒక్కసారికి 255 బైట్లకు మించి తీసుకోదు, మూడు విడతలుగా చదవాల్సి వచ్చింది, అయినా సరే. వారం రోజులు గణితం తగ్గించి మిగిల్చినదానికంటే ఒక్క అంకె మార్చి మిగిల్చింది ఎక్కువ. కొలవకుండా ఊహించుకుని పని చేస్తే ఇంతే.

సెప్టెంబరు 14

ఇక రేడియో. చావిడిలో మేకుకు నా పాత ఫోన్ వేలాడదీసి, చార్జర్ తగిలించి ఉంచా. పట్టీ బ్లూటూత్ ప్రకటన, అంటే కనెక్షన్ లేకుండానే ఎవరైనా వినగలిగే చిన్న సందేశం, పంపుతుంది, ఫోన్ వింటుంది, నాకు చేరవేస్తుంది. పచ్చి డేటా ఏమీ వెళ్ళదు. పావుగంటకు నెమరు ఎన్ని నిమిషాలు, మేత ఎన్ని, తిరుగుడు ఎంత, అంతే. 31 బైట్ల ప్రకటనలో ఇమిడిపోతాయి.

రెండు సెకన్లకొక ప్రకటన అంటే సగటున 6 మైక్రో ఆంపులు, మిగతా అన్నిటికీ కలిపి అయ్యేదానికంటే ఎక్కువ. పైగా చుక్క పగలంతా మేతకు పోతుంది, చెరువు గట్టు మీద వినేవాడెవడు? ఫోన్ దగ్గరలో ఉందో లేదో పట్టీకి ఎలా తెలియాలి? కనెక్షన్ పెట్టుకుంటే ఖర్చు. చివరికి దొరికిన ఉపాయం ఇది. ఆండ్రాయిడ్ ఫోన్ ప్రకటన వినగానే, ఇంకేమైనా ఉందా అని ఒక చిన్న ప్రశ్న పంపుతుంది. ప్రకటన అయ్యాక పట్టీ ఎలాగూ క్షణం సేపు చెవి ఒగ్గుతుంది, ఆ ప్రశ్న వచ్చిందో లేదో ప్రోగ్రాముకు చెప్పమని అడగొచ్చు. ప్రశ్న వస్తే చావిడిలో ఉన్నట్టే. ఇరవై నిమిషాలు ఏ ప్రశ్నా రాకపోతే పది సెకన్లకొకటి. మళ్ళీ ప్రశ్న వినపడగానే దాచిన లెక్కలన్నీ వరసగా చదివేస్తుంది.

సుమన్ నాథ్ చెప్పిన జంట ఇక్కడ దొరికింది. సెన్సర్‌లోనే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటుంది. ఎండలో ఉన్న పట్టీ నిమిషాల్లో చల్లబడిందంటే చుక్క చెరువులో దిగింది. నీళ్ళలోంచి బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బయటికి రాదు. కాబట్టి రేడియో పూర్తిగా బంద్. ఓ రోజు వానకే చెరువు అనుకుని మూగబోయింది. పట్టించుకోలేదు, దాచిన లెక్కలు తర్వాత ఎలాగూ వస్తాయి.

సెప్టెంబరు 28

రాత్రిళ్ళ డేటా రావడం లేదు. వచ్చినప్పుడు ముక్కలుగా, వేళాపాళా లేకుండా. వాడకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌లను ఆపేసే, ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ నిద్రే కారణమని దానిమీద శనివారం మొత్తం తగలేశా. సాయంత్రానికి వెలిగింది, చార్జింగులో ఉన్న ఫోన్ డోజ్‌లోకి పోనే పోదు.

డేటా వచ్చిన వేళలు రాసి అమ్మకు చూపించా. "ఇవి నేను టార్చి కోసం ఆ ఫోను తీసిన వేళలు" అంది. తెర వెలిగితే వస్తోంది, ఆరితే ఆగుతోంది. ఆండ్రాయిడ్ 8.1 నుంచి, ఏ పరికరం కావాలో చెప్పకుండా ఊరికే వెతికే స్కాన్‌లను తెర ఆరగానే ఆపేస్తారు. వాళ్ళ న్యాయం వాళ్ళది, నాలాంటివాళ్ళు రాసిన యాప్‌లే కదా జనం బ్యాటరీలు తాగేది. నా పట్టీ గుర్తింపును ఫిల్టర్‌గా పెట్టా, నాలుగు లైన్లు. ఆ రాత్రి ఒక్క పావుగంట కూడా తప్పలేదు.

అక్టోబరు 5

మొదటి పెట్టె పీవీసీ పైపు ముక్క, రెండు వైపులా మూతలు, ఎం-సీల్. చుక్క దాన్ని గుంజకు రాసి రాసి మూడో రోజుకు పగలగొట్టింది. సెల్స్ వల్ల పెట్టె లావైంది, అందుకే దురద తీర్చుకోవడానికి వీలుగా దొరికింది.

బడ్జెట్ 91 అయితే ఇప్పుడున్నది చావిడిలో 11, మేతలో 7 లోపు. ఈ మిగులును ఆయుష్షు మీద పెట్టడం దండగ, లెక్క ప్రకారం పదేళ్ళు వచ్చినా ట్రిపుల్-ఏ సెల్స్ అన్నాళ్ళు కారకుండా ఉండవు. పరిమాణం మీద పెట్టా. సీఆర్2032 బిళ్ళ, 220 మిల్లీ ఆంప్ అవర్స్. 11తో భాగిస్తే 20,000 గంటలు, రెండేళ్ళ పైమాటే. రేడియో గుటకకు బిళ్ళ తూలకుండా పక్కన ఒక కెపాసిటర్. మొత్తం అగ్గిపెట్టెంత అయింది. ఎపాక్సీలో ముంచి మెడపలుపుకు పలకగా కుట్టేశాం. గుంజకు అందడం లేదు.

అక్టోబరు 18

రాత్రి 2:10కి నా ఫోనుకు సందేశం వచ్చింది. తిరుగుడు గత వారం అదే వేళతో పోలిస్తే మూడు రెట్లు, నెమరు దాదాపు లేదు. నేను చూసింది ఆరింటికి. రాత్రిపూట ఫోన్ చప్పుడు చేయకూడదని నేనే పెట్టుకున్నా. కంగారుగా అమ్మకు ఫోన్ చేశా.

"తెలుసులే. పొద్దున పాలు చేపలేదు, చూస్తే ఎదకొచ్చినట్టు తీగ వేసింది. చూడి సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేశా, మధ్యాహ్నం వస్తానన్నాడు."

మరి నా పట్టీ ఎందుకు, అని అడగలేదు. అమ్మే అంది, "రాత్రి రెండింటికి మొదలైందని చెప్పావుగా, మంచిదే. సూది వేళ సరిగ్గా లెక్కేసుకోవచ్చు."

నవంబరు 9

21 రోజులు దాటింది. ఈ మూడు రాత్రులూ గ్రాఫు చదునుగా ఉంది, మళ్ళీ ఎద కనపడలేదు. కట్టిందని అనను, మూగ ఎదలు ఉండనే ఉన్నాయి. మూడో నెలలో డాక్టరు చెయ్యి పెట్టి చూస్తేగానీ తేలదు. ఒక్క గేదె, ఒక్క ఎద. దీన్ని రుజువు అంటే నన్నే నవ్వుతారు.

తేలని సమస్య ఒకటుంది. పలుపు తిరిగి పెట్టె మెడ కిందనుంచి పక్కకు వస్తే మేత లెక్క తప్పుతోంది, తల వంచిందో పెట్టె తిరిగిందో తెలియడం లేదు. పడుకున్నప్పటి దిశను రోజూ కొత్తగా నేర్చుకునేలా రాస్తున్నా, ఇంకా కుదరలేదు.

నవంబరు 23

బిళ్ళ వోల్టేజి దాదాపు కొత్తదానిలాగే ఉంది. ఏడు వారాలకే మురిసిపోకూడదు, ఈ సెల్స్ చివరిదాకా అలాగే ఉండి ఒక్కసారిగా పడిపోతాయి.

పెద్దదానికి రెండో పట్టీ సోల్డర్ చేస్తున్నా. ఈసారి సీరియల్ పోర్టుకు ప్యాడ్లు పెట్టలేదు, డివైడర్ గీయలేదు. పలుపు రంగు మాత్రం అమ్మ ఎరుపే కావాలంది, తెచ్చా.